లాభం, రెండు, మూడు

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి సోమశిల రేవులో లాంచి ఎక్కినవాళ్లు నలభై ఒక్కమంది. ఆ సంఖ్య కాగితం మీద ఉంది. లాంచి నడిపే రామచంద్రయ్య దాన్ని రెండుసార్లు చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ప్రేమలత కొత్తకోటలో బట్టలు కుడుతుంది. భర్త జాన్ పుణెకు పనికి పోయి ఏడు నెలలైంది. ఆరేళ్ల కూతురు గీత లాంచి ఎక్కుతానని వారం రోజులుగా పోరుతుంటే, మిషన్ మీద గుడ్డ కప్పి వచ్చింది.

గంటన్నర పోయాక నీళ్ల మధ్య ఒక గుట్ట కనిపించింది. డ్యాం నిండకముందు దాని కింద ఊరుండేది. ఊరు మునిగింది, గుట్ట దీవిగా మిగిలింది. రెండు గంటలు తిరిగి రావచ్చన్నారు.

బల్ల మీదుగా జనాన్ని దించుతూ లాంచి పనివాడు బాలస్వామి లెక్కపెడుతున్నాడు. మొన్నటిదాకా మార్కెట్ యార్డులో ధాన్యం కొలిచిన హమాలీ అతను. అందరికన్నా ముందు గీత దిగింది. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి "లాభం" అన్నాడు. తర్వాత ప్రేమలత. "రెండు." ఆమె వెనకాయన. "మూడు."

"అమ్మా, నా పేరు లాభమంట," గీత నవ్వింది.

రామచంద్రయ్య ఇంజన్ దగ్గర్నుంచి లేచి వచ్చాడు. "ఏం లెక్కరా అది? మనుషులను ఒకటి అని మొదలువెట్టాలె."

"అలవాటైంది మామా. కొలతల ఒకటి అనం గద, లాభమంటం."

"యాడన్న అనుకో. ఈడ అనకు." ముసలాయన నీళ్లవైపు చూశాడు. "నాది గీ మునిగిన ఊరే. మా కళ్లంల లాభమని కొలిచింది ఇంటికి తెచ్చుకోకపోతుంటిమి. పక్కకు పెట్టి, గుట్టకు ఇడుస్తుంటిమి."

"అవి జొన్నలు గద మామా."

రామచంద్రయ్య ప్రేమలతవైపు తిరిగాడు. మెల్లగా అన్నాడు. "పాప చెయ్యి ఇడువకమ్మా."

గంటసేపు ఆమె విడవలేదు. దారి ముళ్లకంపల మధ్య నుంచి పైకి పోయింది. తోటివాళ్లు ఫొటోల కోసం కిందే ఆగిపోయారు. పైకి చేరేసరికి ఎండ మబ్బులో కలిసింది. గాలి నిలిచిపోయింది. ఒక వాసన తగిలింది... అప్పుడే నూర్చిన జొన్నల వాసన, గొంతులో గరగరలాడే దుమ్ము. చుట్టూ చూసింది. బండలు, కంప, నీళ్లు. చేనన్నది ఎక్కడా లేదు.

అప్పుడు చప్పుడు వినిపించింది. చర్ర్... గింజలు గంపలో పోసినట్టు. ఆగింది. మళ్లీ... చర్ర్.

చెప్పులో ముల్లు దిగింది. తీయడానికి వంగింది. రెండు చేతులూ కావలసి వచ్చాయి. నాలుగు క్షణాలు, అంతే.

గీత లేదు.

"గీతా..."

చర్ర్.

కంప పక్కకు నెట్టింది. చేతులు చీరుకున్నాయి. అవతల గుండ్రటి బండపరుపు, పాత కళ్లం. దాని అంచున, విడిగా, గీత నిలబడి ఉంది. ఏడవడం లేదు. కుడి పిడికిలి బిగించి ఉంది.

"ఏం చేస్తున్నవే ఈడ?"

"గట్టిగ మాట్లాడకు," గీత గుసగుసగా అంది. "లెక్కవెడ్తుండ్రు."

"ఎవరు?"

"నన్ను పక్కకు పెట్టిండ్రు అమ్మా."

ప్రేమలత బిడ్డను ఎత్తుకుని పరుగెత్తింది. వెనక చప్పుడు ఆగింది. ఆగడమే ఎక్కువ భయపెట్టింది.

లాంచిలో బాలస్వామి ఈసారి ఒకటి నుంచే లెక్కపెట్టాడు. నలభై. మళ్లీ పెట్టాడు. నలభై. ఎవరివాళ్లు వాళ్లకు ఉన్నారు, ఎవరూ తప్పిపోలేదు. మూడోసారీ నలభయ్యే. మూడుసార్లూ అతని వేలు ప్రేమలత దగ్గరే "ఒకటి" అని మొదలైంది. ఆమె ఒడిలో గీత ఉంది.

పాపను లెక్కపెట్టలేదని చెబితే, పాప తప్పిపోయిందని లాంచి ఆపుతారు. ఆగితే మళ్లీ గుట్ట ఎక్కాలి. ఆమె నోరు మూసుకుంది.

రామచంద్రయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె ఒడివైపు కళ్లు చిట్లించి చూశాడు, ఎంతో దూరంలో ఉన్నదాన్ని చూసినట్టు. మధ్యన నాలుగడుగులు కూడా లేవు.

"పేరువెట్టి పిలుస్తనే ఉండమ్మా," అన్నాడు చాలా మెల్లగా. "పలికినంతసేపు..." మిగతాది చెప్పకుండా ఇంజన్ దగ్గరికి పోయాడు.

రేవు దాకా పిలిచింది. "గీతా." "ఆఁ." కొల్లాపూర్‌లో వనపర్తి బస్సెక్కి, గీతను కిటికీ పక్కన కూర్చోబెట్టి పిలిచింది. "గీతా." "ఆఁ." గీత అద్దం మీద ఊది, కుడి పిడికిలి విప్పకుండా, ఆ ఆవిరిలో ఎడమ చేతి వేలితో గీతలు గీస్తోంది. ప్రతిసారీ జవాబు జర చిన్నదవుతోంది.

పానగల్ దాటాక ఒక పెద్దామె సంచితో ఎక్కింది.

"కిటికీ సీటు ఖాళీగ పెట్టుకున్నవేంది బిడ్డా? జర జరుగు."

"గీతా," అంది ప్రేమలత.

బస్సు చప్పుడు.

"గీతా..."

"అయ్యో, సీటు నిండ జొన్నలు పోసిండ్రు గద," అంటూ ఆ పెద్దామె దులపడానికి కొంగు తీసింది. ప్రేమలత ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"దులపకు పెద్దమ్మా," అంది. "ఒక్క గింజ కింద పడనియ్యకు."

అద్దం మీద ఆవిరి చిన్న ముద్దలా పట్టింది, ఆరింది. మళ్లీ పట్టింది.