నా కంప్యూటర్‌లో పనిచేస్తోంది

కౌశిక్‌కూ దేదీప్యకూ పరిచయం గొడవతోనే మొదలైంది. అదీ ముఖాలు చూసుకోకుండా, పేర్లు తెలియకుండా, ఇంటర్నెట్‌లో, పదిమంది చూసేచోట.

కౌశిక్‌ది ఖమ్మం. అమెరికాలో, ఇల్లినాయి రాష్ట్రంలో, అరోరా పక్కనే మాస్టర్స్ చివరి సెమిస్టర్ చదువుతున్నాడు. చదువుకంటే అతనికి గర్వకారణం 'పలుకు'. అచ్చులో ఉన్న తెలుగు పేజీని కెమెరా ముందు పెడితే పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్ అది. ఓపెన్‌సోర్స్, ఉచితం. కాకపోతే డబుల్ క్లిక్ చేయగానే నడిచే రకం కాదు. కోడ్ దింపుకుని ఎవరి కంప్యూటర్‌లో వాళ్లే బిల్డ్ చేసుకోవాలి, అంటే తయారు చేసుకోవాలి. అది చాలామందికి సాధ్యం కావడం లేదన్నది చిన్న విషయం. ఉచితంగా ఇచ్చేవాణ్ణి అన్నీ అడిగితే ఎలా?

ఆ ప్రోగ్రామ్ పేజీలో 'ఓపెన్ బగ్స్: సున్నా' అని, అంటే సరిచేయాల్సిన తప్పేదీ లేదని, ఉంటుంది. రెజ్యూమెలో కూడా కౌశిక్ ఆ మాటే బోల్డ్‌లో పెట్టుకున్నాడు. సున్నాను కాపాడుకునే పద్ధతి చాలా సులువు. ఎవరైనా ఫిర్యాదు రాయగానే 'నా కంప్యూటర్‌లో పనిచేస్తోంది' అని జవాబిచ్చి మూసేయడమే. అలా నలభై ఆరు మూశాడు.

నలభై ఏడోది 'డీడీపీ ఆర్ఎక్స్' అనే పేరుతో వచ్చింది. 'మీ సూచనలు అక్షరం తప్పకుండా పాటించాను. బిల్డ్ మధ్యలో ఆగిపోయింది. ఎర్రర్ ఇదీ.'

'నీ దగ్గర హ్యాంపర్ ఉంది బ్రో. దాన్ని తీసేయ్. నా కంప్యూటర్‌లో పనిచేస్తోంది,' అని రాసి కౌశిక్ మూసేశాడు.

హ్యాంపర్ అంటే ప్యాకేజీ మేనేజర్. కంప్యూటర్‌తో వచ్చేది కాదు, బయటివాళ్లు చేసింది. ఏ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పినా తెచ్చిపెడుతుంది. దానికి కావలసిన చిల్లర ఫైళ్లన్నీ కూడా అడక్కుండానే తెచ్చి తనకు నచ్చిన చోట సర్దేస్తుంది. ఆ తర్వాత మనం ఇంకేదైనా బిల్డ్ చేయబోతే, మనకు కావలసిన ఫైలుకు బదులు అది తెచ్చిన ఫైలు ముందు తగులుతుంది.

'తీసేశాను. అయినా ఆగిపోతోంది. పైగా నేను బ్రోని కాదు.'

'సరిగ్గా తీసి ఉండవు బ్రో.' మళ్లీ మూసేశాడు.

'మహారాజా, తమరి ఇంటి అడ్రస్ ఇస్తే మా మాస్టారిని తీసుకొచ్చి తమరి కంప్యూటర్ ముందే కూర్చోబెడతాను. లోకంలో అదొక్కటే కదా పనిచేసేది!'

కౌశిక్ అక్కడ ఎవరూ ఇంకేమీ రాయకుండా తాళం వేశాడు. వాదనలో గెలవడానికి అదొక గౌరవప్రదమైన మార్గం.

ఆ శనివారం పొద్దున అతను దగ్గర్లోని గుడికి వాలంటీర్‌గా వెళ్లాడు. మరీ భక్తి అనుకోనక్కర్లేదు. వాలంటీర్లకు మధ్యాహ్నం పులిహోర పెడతారు. కుర్చీలు సర్దుతుంటే కమిటీ ప్రెసిడెంట్ బ్రహ్మయ్య వచ్చి భుజం తట్టాడు.

"బాబూ, నువ్వు కంప్యూటర్సే కదా?"

ఆ గుళ్లో కంప్యూటర్స్ కానిది పూజారిగారొక్కరే.

"కింద తెలుగు క్లాసులో ఒకమ్మాయి లాప్‌టాప్‌తో కుస్తీ పడుతోంది. కాస్త చూసిపెట్టు."

కౌశిక్ కిందికి వెళ్లాడు. పసుపు కుర్తీ, మెడలో తీయడం మరిచిపోయిన హాస్పిటల్ ఐడీ కార్డు, కీబోర్డు మీద కోపంగా నడుస్తున్న వేళ్లు. అమ్మాయి తలెత్తి చూసింది. కౌశిక్ తడబడి మెట్టు తప్పాడు. అక్కడ మెట్టే లేదు, అది వేరే సంగతి.

"హాయ్, నేను దేదీప్య. నువ్వు హెల్ప్ చేస్తావా, లేకపోతే నువ్వు కూడా అన్‌ఇన్‌స్టాల్ చెయ్ అంటావా?"

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అమెరికా యాసలో వచ్చింది, కోపం మాత్రం స్వచ్ఛంగా వచ్చింది. కౌశిక్ స్క్రీన్ వైపు చూశాడు. పైన తను వేసిన తాళం, దాని కింద 'మహారాజా'.

అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు. "ఇది... ఎవరి కోసమండీ?"

"మాస్టారు అంకుల్ కోసం." ఆమె గది చివర చూపించింది. అక్కడ పిల్లల మధ్య ఒక పెద్దాయన కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చదవడానికి తంటాలు పడుతున్నాడు. పరంధామయ్య. పదకొండేళ్లుగా ప్రతి శనివారం ఇక్కడ తెలుగు నేర్పుతున్నాడు. దేదీప్యకు ఒత్తులు నేర్పింది ఆయనే. ఏడాదిగా చూపు మధ్యలో మసక కమ్మింది. ఎదుటి మనిషి చెవులు కనబడతాయి, ముఖం కనబడదు.

"హోమ్‌వర్క్ చదవలేకపోతున్నారు కదా, సో కమిటీ వాళ్లు నెక్స్ట్ సండే ఆయనకి సన్మానం చేస్తారంట. షాల్ వేసి, ఫోటో తీసి, ఇంటికి పంపించేస్తారు. దట్స్ ఫైరింగ్, రైట్? విత్ ఎ షాల్!"

"రైటే," అన్నాడు కౌశిక్.

"ఈ ప్రోగ్రామ్ పనిచేస్తే ఆయన విని కరెక్ట్ చేస్తారు. నా పాత లాప్‌టాప్ ఇచ్చేస్తా. కానీ దీన్ని చూసుకునే మెయింటెయినర్ ఉన్నాడే, ఇంత జెర్క్‌ని నా లైఫ్‌లో చూడలేదు."

"పాపం బిజీగా ఉన్నాడేమో."

"బిజీనా? ఫోర్ మినిట్స్‌లో క్లోజ్ చేశాడు!"

"అంటే... రెస్పాన్స్ టైమ్ బానే ఉందిగా?"

దేదీప్య ఒక్క క్షణం అతన్ని చూసి ఫక్కున నవ్వేసింది. నిజం చెప్పేయడానికి అదే సమయం. కానీ చెబితే ఆ నవ్వు ఆగిపోతుంది. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఇలాంటి చోట ఏం చేస్తాడో కౌశిక్ అదే చేశాడు. "బుధవారం పబ్లిక్ లైబ్రరీకి రండి, నా లాప్‌టాప్ తెస్తాను, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం," అన్నాడు.

బుధవారం సాయంత్రం వాన. లైబ్రరీ అద్దాల మీద నీళ్లు జారుతుంటే, లోపల ఇద్దరూ ఒకే బల్ల దగ్గర. అవసరమైనదానికంటే నాలుగంగుళాలు దగ్గరగా. దేదీప్య ఫార్మసిస్ట్ అని అప్పుడే తెలిసింది.

"రోజంతా చిన్న అక్షరాలు చదవడమే నా జాబ్. ఒక డాట్ తప్పు చదివితే పేషెంట్ పోతాడు," అంది.

"మా ఫీల్డ్‌లో అలాంటి టెన్షన్ లేదండీ. మేం అసలు చదవం."

ఆమె మళ్లీ నవ్వింది. కౌశిక్ ధైర్యం పెరిగి తన లాప్‌టాప్‌లో బిల్డ్ నడిపాడు. మూడు నిమిషాల్లో ఆటంకం లేకుండా పూర్తయింది. అలవాటుగా నోరు జారింది.

"చూశారా? నా కంప్యూటర్‌లో పనిచేస్తోంది."

దేదీప్య నవ్వు అక్కడే నిలిచిపోయింది. నెమ్మదిగా అతని స్క్రీన్ వైపు వంగింది. పై వరసలో యూజర్ పేరు, ఫిర్యాదులన్నీ మూసేసిన అదే పేరు.

"నువ్వా!"

"దేదీప్యగారూ, నేను చెబుదామనే..."

"ఆగు." ఆమె లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. బిల్డ్ అడుగడుగునా ఏం చేసిందో రాసిన లాగ్‌ను పైనుంచి ఒక్కో వరసే చదువుతూ వచ్చింది, మందు సీసా మీద అక్షరాలు చదివినట్టు. ఒకచోట వేలు పెట్టింది. "ఇది చదువు."

కౌశిక్ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. అక్షరాలను గుర్తుపట్టే ముఖ్యమైన ఫైలును బిల్డ్ హ్యాంపర్ ఫోల్డర్ నుంచి తీసుకుంది.

"హ్యాంపర్ నీ దగ్గర కూడా ఉంది."

"రెండేళ్ల కింద ఏదో గేమ్ కోసం వేసుకున్నా. మర్చేపోయిన..."

"ఆ ఫైల్ నువ్వు అసలు ప్రోగ్రామ్‌లో పెట్టనే లేదు. నీకు హ్యాంపర్ ఇచ్చింది, సో పనిచేసింది. నా హ్యాంపర్‌లో ఓల్డ్ వెర్షన్ ఉంది, సో ఫెయిల్. నువ్వు తీసేయ్ అన్నావు, తీసేశా. అప్పుడు ఫైలే లేదు. మళ్లీ ఫెయిల్! నలభై ఏడు మందికి ఇదే చెప్పావు."

"సారీ అండీ."

"దేనికి? బగ్‌కా, నువ్వు ఎవరో దాచినందుకా?"

ఆమె బ్యాగ్ సర్దుకుని వానలోకి వెళ్లిపోయింది. కౌశిక్ అద్దం దగ్గర నిలబడి ఆమె కారు వెనక లైట్లు మలుపు తిరిగేదాకా చూశాడు. అది అనుకున్నంత రొమాంటిక్‌గా ఏమీ లేదు.

మర్నాడు అతను మూసేసిన నలభై ఏడు ఫిర్యాదులనూ ఒక్కొక్కటే తిరిగి తెరవడం మొదలుపెట్టాడు. రూమ్మేట్ పవన్ వెనక నుంచి చూసి గుండె పట్టుకున్నాడు.

"ఒరేయ్, రేపు ఇంటర్వ్యూ పెట్టుకుని ఇవ్వాళ బగ్స్ ఓపెన్ చేస్తావేంట్రా? వాళ్లు చూసేదే ఆ పేజీ! డిసెంబర్‌లో డిగ్రీ అయిపోద్ది. జాబ్ లేకపోతే వీసా క్లాక్ మొదలవుద్ది, గడువు దాటితే ఇంటికే, తెలుసుగా?"

"తెలుసు."

"నీ నిజాయితీ శనివారం దాకా ఆగలేదా?"

"సన్మానం ఆదివారం ఉందిరా. ఆగితే ఆ పెద్దాయన పోస్ట్ ఊడుతది. నీ లాప్‌టాప్ ఇటివ్వు."

పవన్ లాప్‌టాప్‌లో హ్యాంపర్ ఎప్పుడూ అడుగుపెట్టలేదు. అందులో 'పలుకు' మొదటి నిమిషంలోనే కూలిపోయింది. నిజంగానే ఇంకెవరికీ పనిచేయదన్నమాట! కౌశిక్ ఆ ఫైలును ప్రోగ్రామ్‌లోనే చేర్చాడు. హ్యాంపర్ ఫోల్డర్ల వైపు తొంగిచూడొద్దని బిల్డ్‌కు ఆదేశం రాశాడు. హ్యాంపర్ లేకుండా ఒకసారి, పాత హ్యాంపర్‌ను కావాలని ఎక్కించి ఒకసారి పరీక్షించాడు. రెండుసార్లూ నడిచింది.

తర్వాత తాళం తీసి, నలభై ఏడో ఫిర్యాదు కింద రాశాడు. 'తప్పు నాది. కనిపెట్టింది మీరు. నేనెవరో ఆ రోజే చెప్పకపోవడం నా పిరికితనం. రెండింటికీ క్షమించండి.' బహిరంగంగానే రాశాడు. మిగతా నలభై ఆరు మందీ చదివారు. ఒకతను తమాషా చూస్తున్నట్టు పాప్‌కార్న్ బొమ్మ పెట్టాడు.

శుక్రవారం రాత్రికి జవాబు వచ్చింది. 'బిల్డ్ అయింది.' రెండే మాటలు. కౌశిక్ వాటిని పదకొండుసార్లు చదివాడు, ఏదైనా భావం దాగి ఉందేమోనని. లేదు.

ఆదివారం గుడి హాలు నిండింది. దేదీప్య ముందు వరసలో తల్లి నళిని పక్కన కూర్చుంది. కౌశిక్ చివర నిలబడ్డాడు, ఆమె ఒక్కసారైనా వెనక్కి తిరగకపోతుందా అని. తిరగలేదు. బ్రహ్మయ్య మైకు పట్టుకుని మాస్టారి సేవలను ఇరవై నిమిషాలు పొగిడాడు. ఇకపై ఆయన హాయిగా విశ్రాంతి తీసుకోవాలని కమిటీ అభిమానంతో, ఎంతో బాధతో నిర్ణయించిందని చెప్పి శాలువా విప్పాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు పరంధామయ్య. "నిన్నటి హోమ్‌వర్క్ మిగిలిపోయింది."

బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, ఒక పిల్ల టైపు చేసి తెచ్చిన కాగితాన్ని తడుముతూ కెమెరా కింద పెట్టాడు. 'పలుకు' కాస్త రైల్వే అనౌన్స్‌మెంట్ గొంతుతో చదివింది. "మా అమ వంట బాగా చేస్తుంది."

"రియా!" అన్నాడు మాస్టారు. "మీ అమ్మకు ఒత్తు ఏదమ్మా?"

రెండో వరసలో ఏడేళ్ల రియా నాలుక కరుచుకుంది. హాలు గొల్లుమంది. చప్పట్లు ఆగలేదు. శాలువా పట్టుకున్న బ్రహ్మయ్య చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి.

"కప్పండి, కప్పండి. చలికాలం వస్తోందిగా," అన్నాడు పరంధామయ్య. "క్లాసు మాత్రం వచ్చే శనివారం పదింటికే."

బయట మళ్లీ చినుకులు. పార్కింగ్‌లో కౌశిక్ పవన్ కారు తలుపు తీస్తుంటే వెనక అడుగులు వినిపించాయి. దేదీప్య.

"హే, ఇంటర్వ్యూ ఏమైంది? నీ ఫ్రెండ్ పవన్ చెప్పాడు లోపల. అందరికీ చెప్తున్నాడు, యాక్చువల్లీ."

"ఒక్క రోజులో నలభై ఏడు బగ్స్ ఎలా వచ్చాయి అని అడిగారు. జరిగింది మొత్తం చెప్పా. ఒకావిడ పగలబడి నవ్వింది. సెకండ్ రౌండ్‌కి మిషిగన్ రమ్మన్నారు, ఫార్మింగ్టన్ హిల్స్."

"కంగ్రాట్స్."

ఆమె ముఖం మీద చినుకులు పడుతున్నాయి. తుడుచుకోలేదు, వెళ్లనూ లేదు. కౌశిక్ ఈసారి ఆలస్యం చేయలేదు.

"జాబ్ వస్తే వెళ్లిపోవాలి. అందుకే ఇప్పుడే చెప్తున్నా. నువ్వంటే నాకు ఇష్టం. మొదటి రోజు నువ్వు నవ్వినప్పటి నుంచి. నీ నవ్వు పోతుందనే నా పేరు దాచిన. అది తప్పే. కానీ ఇష్టం మాత్రం నిజం."

దేదీప్య తెలుగు మాటలు ఏరుకుంటూ మొదలుపెట్టింది.

"నాకు చాలా కోపం ఉంది," అంది. "థర్స్‌డే నువ్వు రాసింది చూసి కొంచెం పోయింది. ఇవ్వాళ మాస్టారు అంకుల్‌ని చూసి ఇంకొంచెం పోయింది. మిగిలింది నువ్వే తీసెయ్యాలి, స్లోగా."

"ఎంత టైమ్ పడుతుంది?"

"తెలీదు. ఇక్కడి నుంచి మిషిగన్ ఐదు గంటల డ్రైవ్. నేను ఆల్రెడీ మ్యాప్‌లో చూశా."

ఆ మాట అర్థం కావడానికి కౌశిక్‌కు మూడు సెకన్లు పట్టింది. అర్థమయ్యాక తడిసిన చేయి చాచాడు. ఆమె పట్టుకుంది.

పక్కనే ఒక కారు అద్దం దిగింది. నళిని తల బయటపెట్టింది. "దేదీ, వానలో ఏంటే ఆ నిలబడటం? ఆ అబ్బాయిని కూడా ఎక్కమను. బాబూ, వంకాయ తింటావా?"

కౌశిక్‌కు వంకాయ తింటే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. తింటానని చెప్పబోయాడు. దేదీప్య చేయి అతని చేతిలో ఉంది.

"లేదాంటీ," అన్నాడు. "నాకు పడదు. వేరే ఏదైనా తింటాను."

దేదీప్య అతని వైపు చూసి, వెనక సీటు తలుపు తీసి, ఎక్కి, పక్కకు జరిగి చోటిచ్చింది.