మోటారు షెడ్డు దెయ్యానికి మేత

గల్ఫ్‌లో అల్ ఐన్ ఊరి బయట, ఖర్జూరం తోటల చివర ఒక మోటారు షెడ్డు ఉండేది. దాని పేరెత్తితే చాలు, కూలీలు నోట్లో రొట్టెముక్క నమలడం ఆపేసేవారు. అక్కడ కాపలాకి పడుకున్నవాడు మొదట ఉబ్బుతాడు... తర్వాత నిద్ర మానేస్తాడు... ఆ తర్వాత ఎవడో ఒకడి నెత్తురు కళ్లజూస్తాడు. అదీ వరస.

మొదటి కాపలావాడు తోటి పనివాడి తల పారతో పగలగొట్టి జైలుకు పోయాడు. రెండోవాడిది మరీ ఘోరం. కట్టేసి, తిండి మాన్పించి, దెయ్యాన్ని వదిలించారు. వదిలింది... పోతూ పోతూ వాడి ప్రాణాన్నీ వెంటబెట్టుకుపోయింది.

మూడోవాడు వెంకట్రాములు. జగిత్యాల వైపు మనిషి, చీమకైనా హాని తలపెట్టనివాడు. దేవదానానికి అతనంటే ప్రాణం. కోనసీమ నుంచి వచ్చిన కొత్తలో వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, చెయ్యి వదిలేయడంతో దేవదానం రోడ్డున పడితే, తన మంచంలో చోటిచ్చింది వెంకట్రాములే.

ఇప్పుడు దేవదానం ఊళ్లో ఒక మందుల ల్యాబులో ఎలుకల్ని సాకే పనిలో ఉన్నాడు. రోగం తగ్గించే మందు ఒంటికి చేసే చెరుపేమిటో, ఆ చెరుపు తగ్గే దారేమిటో ముందు ఎలుకల్లో చూసే చోటది. దెయ్యాల మాటెత్తితే పకపకా నవ్వేవాడు. "ఇన్నేసి ఎలకల మధ్య బతికేవోణ్ణి... నన్నేం పడతాదిరా?" అనేవాడు. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు.

2005 వేసవి, ఖర్జూరం గెలలు కోసే కాలం. ఒక శుక్రవారం పొద్దువాలే వేళ దేవదానం బిర్యానీ పొట్లం పట్టుకుని తోటకొచ్చాడు.

షెడ్డు ముందు ఇసుక ఎర్రగా ఉంది.

మేక... సగం మేక. దాని పక్కన వెంకట్రాములు, గెలలు కోసే కొడవలితో. ముఖం పూరీలా పొంగి ఉంది.

"అన్నా... నేను... దేవదానాన్ని."

"ఎవడ్రా నువ్వు... నా బువ్వ గుంజుకపోతందుకు వచ్చినవా?"

కొడవలి లేచింది. దేవదానం చెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా కండ విచ్చుకుంది. పనివాళ్లు పరుగున వచ్చి, కర్రలతో కాళ్ల మీద కొట్టి పడగొట్టి, వెంకట్రాముల్ని మోటారు పైపుకు కట్టేశారు. అతను అరిచిన అరుపుకు తోటలో కుక్కలు కూడా నోరు మూసుకున్నాయి.

తోటలో పెద్దదిక్కు అమీర్ జాన్ అనే పఠాన్. తాయెత్తులు కట్టే మనిషి. షెడ్డులో ఉన్న బియ్యం, పచ్చడి, ఆయాసం దమ్ముకు వాడే చూర్ణం — అన్నీ ఇసుకలో పూడ్పించాడు. "షైతాన్ తిండిలో కూర్చుంది. ఖానా బంద్... అదే పోతుంది" అన్నాడు గొంతు తగ్గించి. తన చేతి నెత్తురు చూసుకుంటున్న దేవదానం కాదనలేకపోయాడు. నిజానికి అతనికీ భయం పట్టుకుంది.

సెలవు తీరి ల్యాబుకు వచ్చేసరికి, చేతి కుట్లు చూసి సుభాషిణి మేడమ్ ఏమైందని అడిగింది. ఆ ఎలుకల మీద పరిశోధన ఆవిడదే. దేవదానం అంతా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

"ముఖం ఉబ్బిందా? ఏం మందు వాడుతున్నాడు?"

"మందేం లేదండి. ఊరి నుంచి తెచ్చే దమ్ము చూర్ణం. షెడ్డు పక్కనే గడ్డి నిలవేస్తారు కదండీ... ఆ దుమ్ముకి అక్కడ పడుకున్న ప్రతివోడికీ దమ్మొస్తాది. సెలవుకెళ్లొచ్చినోళ్లు తలా ఇంత పంచుతారండి."

"ముందు ఉన్నవాళ్లు కూడా అదే తిన్నారా?"

"తిన్నారండి..."

ఆవిడ అతన్ని బోన్ల దగ్గరికి తీసుకెళ్లింది. మందు పడుతున్న వరసలో చెవులు తెగిన ఎలుకలు, ఒకదాని మెడ ఒకటి చీల్చుకుంటున్నవి. "అందులో ఈ మందే కలిపి ఉంటారు దేవదానం. స్టెరాయిడ్. దమ్ము చటుక్కున తగ్గిందని పేరొస్తుంది కదా."

"అయితే ఫర్లేదండి! మొత్తం మాన్పించేశారు."

మేడమ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ పక్కన ఖాళీ బోన్లు చూపించింది. "వీటికీ ఇలాగే ఒక్కసారిగా ఆపేశాం. కొట్లాట ఆగింది, నెమ్మదించాయనుకున్నాం. తెల్లారి వాటిని ఎత్తి పారేసింది నువ్వే." కింద వరసలో ఎలుకలు గింజలు కొరుకుతున్నాయి. "వీటికి రోజురోజుకీ కొంచెం కొంచెం తగ్గించాం... పరుగెత్తు. అంబులెన్స్‌కి నేను చెప్తాను. మింగగలిగితే ఆ చూర్ణమే కాస్త నీళ్లలో పట్టు."

దేవదానం చేరేసరికి మళ్లీ పొద్దువాలింది. షెడ్డులో చడీచప్పుడూ లేదు.

"ఖలాస్ భాయ్..." అమీర్ జాన్ చల్లగా నవ్వాడు. "షైతాన్ చలా గయా."

వెంకట్రాములు తాళ్లలో వేలాడుతున్నాడు. ఒళ్లు మంచు. పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఇలాంటి నెమ్మదిని దేవదానం ల్యాబులో చేత్తో ఎత్తి పారేశాడు.

ఇసుక తవ్వాడు. కుట్లు తెగిపోయాయి. పొట్లం దొరికింది. చూర్ణం నీళ్లలో కలిపి, తాళ్లు కోసి, అన్న తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"దెయ్యానికి మేత పెడుతున్నాడ్రా!"

పనివాళ్ల కర్రలు లేచాయి. వీపు మీద, మెడ మీద, తెగిన చేతి మీద... దేవదానం వెంకట్రాముల మీదికి వంగి, తన ఒంటితో కప్పేశాడు. వేలితో చుక్క చుక్క అతని నోట్లో వేస్తున్నాడు. "మింగన్నా... ఈ ఒక్క గుటక..." పక్కటెముక ఏదో పుటుక్కుమంది. అయినా కదల్లేదు. తన మంచంలో చోటిచ్చిన మనిషి ఇలా పోతుంటే బతికి ఏం లాభం అనిపించింది.

కొట్టేవాళ్లు అలిసిపోయారు. అంబులెన్స్ జాడ లేదు. దేవదానం ఇంకోసారి వేలు ముంచి అతని నోట్లో పెట్టాడు. ఊపిరి తగల్లేదు...

ఉన్నట్టుండి పళ్లు బిగుసుకున్నాయి.

ఎముక దాకా దిగాయి. వెంకట్రాములు కళ్లు తెరిచాడు — ఎర్రగా, చంపేసేటట్టు.

"షైతాన్!" అమీర్ జాన్ తాయెత్తుల సంచి వదిలేసి పరుగెత్తాడు. అతని వెనకే అందరూ.

దేవదానం వేలు లాక్కోలేదు. నెత్తురు ధారకడుతుంటే సంతోషం పట్టలేక భోరుమన్నాడు.

"కొరుకన్నా... ఇంకా గట్టిగా కొరుకు!"