అన్నయ్య ఇచ్చిన కొసరు

నా భార్యను మా అన్న కొసరుగా ఇచ్చేశాడు. మొదటిసారి తెలియక ఇచ్చాడు. రెండోసారి తెలిసే ఇచ్చాడు. ఆమె పోయింది. వాడు బతికే ఉన్నాడు.

మాది తాకట్టు కొట్టు. నాన్న పెట్టింది. బంగారం, వెండి ఎవరైనా పట్టుకుంటారు. మా దగ్గరికి ఇంకో రకం సరుకు కూడా వచ్చేది. గాజు కన్ను, ఆగిపోయిన ఓడ గడియారం, పొట్టలో పీచు కూరిన చచ్చిన గద్ద, ఎవరో రాజుగారివని చెప్పి అంటగట్టబోయిన కట్టుడు పళ్ళు. ఇలాంటివి వెతుక్కుంటూ వచ్చి కొనే పిచ్చివాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళ కోసం కొట్లో ఒక గోడంతా అద్దాల బీరువా ఉండేది.

గల్లాపెట్టె దగ్గర అన్న కూర్చునేవాడు. తాళాలు, మరమ్మతులు నావి. వెల కట్టేది నా భార్య.

వస్తువు చేతికి రాగానే గోటితో ఒకసారి మీటేది. చెవి దగ్గర పెట్టుకునేది. తర్వాత దాని లోపం పైకి చెప్పేది. లోపం చెప్పాకే ధర. లోపం దాచి ధర చెప్పడం దొంగతనమని ఆమె లెక్క.

ఒకసారి బాకా ఊదే ముసలాయన వచ్చాడు.

"మా తాత యుద్ధంలో ఊదిన బాకా అమ్మా ఇది. చూసి ధర చెప్పు."

ఆమె మీటి చూసింది. "ఊదారో లేదో గానీ, దీంతో ఎవర్నో గట్టిగా బాదారండీ. ఈ సొట్ట కింద పడితే వచ్చింది కాదు."

ముసలాయన బాకా తిప్పి సొట్ట చూసుకున్నాడు. "అయితే ఊదింది మా తాత, బాదింది మా నాయనమ్మ!" అని పడీ పడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు వినడానికి నేను చేస్తున్న తాళం పక్కన పెట్టేవాణ్ణి.

బేరం మాత్రం అన్నదే. ధర దగ్గర పీటముడి పడితే వాడికో అలవాటు. "కొంచెం తగ్గించుకో. కొసరుగా కొట్లో నీకు నచ్చింది తీసుకో" అనేవాడు. జమీందారులా చెయ్యి విదిలించి మరీ అనేవాడు. జనం మహా అయితే ఒక అరిగిన చెంచానో, మూత లేని అత్తరు సీసానో పుచ్చుకుని సంతోషంగా పోయేవారు. ఊళ్ళో మా కొట్టుకి పేరు ఆ మాట వల్లే వచ్చింది. పడకూడని చెవిలో కూడా పడింది.

ఆ రోజు అసురసంధ్య... పగలు చచ్చిపోతూ, రాత్రి ఇంకా పుట్టని వేళ. ఆకాశం కాటుక పూసినట్టు కమ్మేసింది. ఉరుము మీద ఉరుము! వీధిలో కుక్కలు మొరగడం మానేసి అరుగుల కింద దూరాయి. మా కొట్టు బోర్డు మీద ఒక గుడ్లగూబ వానలో తడుస్తూ, రెప్ప వెయ్యకుండా లోపలికే చూస్తోంది.

పొడుగాటి మనిషి ఒకడు నల్ల కోటుతో వచ్చాడు. అంత వానలో వచ్చినా వాడి బూట్లకు తడి లేదు. అది నేను చూశాను. అన్న చూసింది వాడి చేతిలోని పెట్టెను.

పెట్టె మూత తీశాడు. పట్టుగుడ్డ మీద పుర్రె!

పసుపురంగు తిరిగిన ఎముక. ఒక చెవి వెనక చెక్కుడు పనితో వెండి రేకు. కళ్ళ గుంటల్లో చీకటి మామూలు చీకటిలా లేదు. దీపం దగ్గరికి జరిపినా తగ్గలేదు.

"ఎక్కడిది?" అన్నాడు అన్న.

"ఇంట్లోదే" అన్నాడు కోటువాడు.

నా భార్య గోటితో మీటింది. ముఖం పాలిపోయింది. అయినా పద్ధతి తప్పలేదు. "ఈ రేకు అందానికి వేసింది కాదు. కింద పగులుంది. దాన్ని కప్పడానికి వేశారు. ఎవరో వెనక నుంచి కొట్టారు." చెవి దగ్గర పెట్టుకుంది. నిప్పు ముట్టుకున్నట్టు బల్ల మీద పెట్టేసింది. "బావగారూ, ఇది మనకొద్దు. నేను ధర చెప్పను."

"ఏం, ఏమైంది?"

"లోపల ఎవరో ఏడుస్తున్నారు."

"పంపించెయ్ అన్నయ్యా" అన్నాను నేను.

"నువ్వు నీ తాళాలు చూసుకోరా" అని అన్న కోటువాడి వైపు తిరిగాడు. "విన్నారుగా? పగిలిన సరుకు. సగానికి ఇస్తే ఇవ్వండి. లేదంటే వానలో మోసుకుపొండి."

"మరీ అంత కోసేస్తారా?"

"కోసేది నేను కాదండీ, మీ పగులు."

తన మాటకు తనే నవ్వుకున్నాడు. కోటువాడు గడ్డం నిమురుకుంటూ నిలబడ్డాడు. బేరం ఆడేవాడి కళ్ళు వస్తువు మీద ఉంటాయి. వాడి కళ్ళు అన్న నోటి మీద ఉన్నాయి.

"సరే, మీ మాటే కానివ్వండి" అన్నాడు చివరికి. "మరి కొసరు?"

అన్న చెయ్యి విదిలించాడు. "దానికేం భాగ్యం! కొట్లో మీకు నచ్చింది తీసుకోండి."

"ఈ ఇంటికి పెద్ద మీరేగా?"

"నేను కాక ఇంకెవరు?"

"ఇచ్చినట్టేగా?"

"ఇచ్చానంటే ఇచ్చానయ్యా!"

పిడుగు పడింది... ఎక్కడో కాదు, మా గుమ్మం ముందే! దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. మళ్ళీ వెలిగేసరికి కోటువాడు బీరువా వైపు చూడటం లేదు. నా భార్య వైపు చూస్తున్నాడు.

"తీసుకున్నాను" అన్నాడు. "అమావాస్యకి వచ్చి పట్టుకెళ్తాను."

ఒట్టి చేతులతో వానలోకి వెళ్ళిపోయాడు.

"తిక్కలోడు! ఏం తీసుకున్నాడో వాడికే తెలీదు" అని అన్న నవ్వాడు. నా భార్య నవ్వలేదు. రెండు చేతులతో బల్ల పట్టుకుని నిలబడి ఉంది.

మర్నాడు ఎవరో ఇత్తడి గంట తెచ్చారు. ఆమె మీటింది. చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ మీటింది. "నాకేం వినపడటం లేదండీ" అంది నాతో, చిన్నపిల్లలా.

తర్వాత ఒక్కొక్కటే పోయింది. ఏ సొరుగులో ఏముందో మర్చిపోయింది. జడ వేసుకోవడం మర్చిపోయింది. ఒక పొద్దున నన్ను చూసి మంచం మీద వెనక్కి జరిగి, "ఎవరు నువ్వు?" అంది. గొంతు ఆమెది కాదు. ముదురు గొంతు, బొంగురు గొంతు... ఏళ్ళ తరబడి మాట్లాడని గొంతు!

డాక్టరు వచ్చాడు. గుండె బాగుంది, రక్తం బాగుంది, విశ్రాంతి కావాలి అన్నాడు. "చెప్పానా, ఏం కాదు" అన్నాడు అన్న.

ఆ సాయంత్రం కొట్లో ఒక్కణ్ణే ఉన్నాను. బీరువాలో సన్నగా మాటలు. చెవి ఆనించాను. పుర్రె మాట్లాడుతోంది. నా భార్య గొంతు! చుట్టూ ఉన్న సరుకు లోపాలు ఒక్కొక్కటే చెప్పుకుంటోంది. "గద్దకి ఒక గోరు అతికించారు. గడియారం ముల్లు మార్చారు. ఈ కన్ను ఎడమది, కుడిదని చెప్పారు..." చీకట్లో భయం వేసిన మనిషి తనలో తను మాట్లాడుకున్నట్టు.

ఆ పుర్రెను పొడి చేద్దామని సుత్తి తెచ్చాను. ఎత్తాను.

"ఏమండీ, ఇక్కడ చలేస్తోంది" అంది.

సుత్తి జారిపోయింది. ఆమె శాలువా తెచ్చి పుర్రెకు చుట్టాను. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంతకన్నా నా చేతిలో ఏమీ లేదు.

మంచం మీద ఉన్నావిడను నిలదీశాను. "ఎవరు నువ్వు? నా భార్య ఒంట్లో నీకేం పని?"

"నేను రానన్నాను. వాడే నన్ను ఇందులోకి నెడుతున్నాడు" అంది ఆవిడ. "వాడు నా మొగుడు. ఆ పగులు వాడు కొట్టిందే. నన్ను చంపాక ఒంటరిగా ఉండలేకపోయాడు. నన్ను పెట్టుకోవడానికి వాడికో ఒళ్ళు కావాలి. లాక్కున్న ఒళ్ళు కుళ్ళిపోతుంది. ఇంటి పెద్ద నోటితో ఇచ్చిందే నిలుస్తుంది. అమావాస్య తంతు పూర్తయితే నేనిక్కడ, నీ భార్య ఆ ఎముకలో. అంతే."

"ఆపడానికి దారి లేదా?"

"ఇచ్చిన నోరే ఇవ్వలేదని చెప్పాలి. వాడి ముఖం మీద చెప్పాలి."

అన్న కాళ్ళు పట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. "ఒక్క మాట అన్నయ్యా. ఇవ్వలేదని చెప్పు."

"చెప్తాలేరా. మరదలు నాకు మాత్రం పరాయిదా?" అన్నాడు.

అమావాస్య. మళ్ళీ అదే అసురసంధ్య... గాలి స్తంభించింది. గుడ్లగూబ మూడుసార్లు కూసింది! తలుపు గొళ్ళెం దానంతట అదే ఊడి పడింది. కోటువాడు లోపలికి వచ్చి కొట్టు మధ్యలో చితాభస్మంతో వలయం గీశాడు. "ఇందులోంచి ఏ ప్రాణమూ బయటికి పోదు" అన్నాడు. నల్ల కొవ్వొత్తులు వెలిగించాడు. వేలు ఎత్తగానే నా భార్య వెనక గదిలో మంచం మీద నుంచి లేచి, నిద్రలో నడిచినట్టు వచ్చి వలయంలో కూర్చుంది. నా ఒళ్ళో ఉన్న పుర్రె శాలువాతో సహా ఎగిరి ఆమె ముందు పడింది.

"నన్ను తీసుకో! ఆమెను వదిలెయ్!" అన్నాను.

"నువ్వు నాకు నచ్చలేదు" అన్నాడు.

"అన్నయ్యా, చెప్పు!"

అన్న గల్లాపెట్టె వెనక్కి జరిగాడు. నోరు తెరిచాడు. కోటువాడు నెమ్మదిగా వాడి వైపు తిరిగాడు. "ఇవ్వలేదంటావా? అయితే ఈ వలయంలో ఆమె బదులు నువ్వు కూర్చో. ఏమంటావు పెద్దమనిషీ... ఇచ్చావా, లేదా?"

అన్న నా వైపు చూడలేదు.

"ఇచ్చాను" అన్నాడు. "ఇచ్చాను బాబూ, ఇచ్చాను!"

కోటువాడు వలయంలోకి అడుగుపెట్టి బీజాక్షరాలు అందుకున్నాడు. ఆ నాదానికి బీరువా అద్దాలు భళ్ళున పగిలాయి! ఆగిన గడియారం వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. చచ్చిన గద్ద రెక్కలు విప్పింది! పుర్రె దవడలు టకటక కొట్టుకున్నాయి. నా భార్య వెన్ను విల్లులా వంగి, ఆమె నోట రెండు గొంతులు ఒక్కసారిగా కేక పెట్టాయి... ఆ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తర్వాత నిశ్శబ్దం. ఆమె లేచి నిలబడింది. అలా నిలబడటం నా భార్యది కాదు.

"వచ్చావా!" అన్నాడు కోటువాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎన్నేళ్ళు ఎదురుచూశానే నీకోసం!"

"నేనూ ఎదురుచూశాను" అంది ఆవిడ. "ఒంటి కోసం కాదు. ఈ రెండు చేతుల కోసం."

వాడి గొంతు పట్టుకుంది. వాడు మంత్రం చదవబోయాడు, మాట రాలేదు. వలయం దాటబోయాడు. తను గీసిన గీతే వాడి కాళ్ళకు అడ్డం పడి మంటై లేచింది! వాడు సాధించిన శక్తులన్నీ, చచ్చిన ఆ ఆడమనిషి పిడికిలి ముందు దూదిపింజల్లా ఎగిరిపోయాయి. గావుకేక పెట్టాడు... వదలమన్నాడు... క్షమించమన్నాడు. ఆవిడ క్షమించలేదు. మంచి పని చేసింది. వాడు పైనుంచి కిందికి బూడిదై రాలిపోయాడు. కోటు మాత్రం కుప్పగా మిగిలింది.

ఆమె కూలిపోతుంటే పట్టుకున్నాను.

"నీ భార్య గట్టి బేరగత్తె" అంది ఆ బొంగురు గొంతు, ఆఖరిసారి. "ఒంటికీ ఎముకకీ మధ్య గడపలో మేమిద్దరం ఎదురుపడ్డాం. చేతులు ఇమ్మని అడిగాను. ఇస్తే వాడు పోతాడు, మేమిద్దరమూ పోతాం. ఇవ్వకపోతే ఎముకలో ఆమె ఎన్నటికీ అలాగే ఉంటుంది, నువ్వు దానికి శాలువా చుడుతూ బతుకుతావు. ఇచ్చింది. ఒక్క ఊపిరి మాత్రం తనకు మిగల్చమంది."

ఆవిడ వెళ్ళిపోయింది. నా ఒళ్ళో ఉన్న మనిషి కళ్ళు మారాయి. అవి నా భార్య కళ్ళు.

"ఏమండీ, చీకటి పడింది. దీపం వెయ్యండి."

కొట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి.

"వేస్తున్నాను" అన్నాను.

"బావగారిని ఏమీ అనకండి" అంది. ఆ ఊపిరి అయిపోయింది.

అన్న ఇప్పటికీ గల్లాపెట్టె దగ్గరే కూర్చుంటాడు. కొసరు మాట మానేశాడట. ఒకరోజు నా గదికి వచ్చాడు. ముసలితనం ముంచుకొచ్చింది మనిషికి. "ఒక్కసారి తిట్టరా. చెప్పు తీసుకుని కొట్టరా. ఇలా మాట్లాడకుండా చంపకు" అని ఏడ్చాడు. నేను తాళం బాగుచేసుకుంటూ కూర్చున్నాను. ఆమె ఏమీ అనొద్దంది. అనలేదు. నేను తిడితే వాడి గుండె మీద బరువు దిగుతుంది. నేను దించను.

ఇంతవరకు రాశాను, చాలు. ఇక ఈ సంగతి నా నోట రాదు. ఎవరూ అడగొద్దు.