పొడి మేజోళ్ళు

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఐదింటికి మొదలైన వాన ఒకే తీరుగా పడుతోంది. గాలి లేదు, చలి మాత్రం ఎముకల్లోకి దిగుతోంది. ముందుగదిలో మంచం అంచున కూర్చున్న కొడుకు పాదాల కట్లు విప్పుతోంది కోడలు. పాదాలు! వాటిని ఇంకా ఆ మాటతోనే పిలవాలా? మంచుకొండ మీది సరిహద్దు చౌకీకి కెప్టెనుగా వెళ్ళి రెండు నెలలు కాపలా కాసి వచ్చాక, కుడి కాలికి ఒక్క వేలూ మిగల్లేదు. ఎడమ కాలికి రెండు మిగిలాయి...

పదకొండు గంటలకు సైనిక విచారణ. అభియోగ పత్రంలోని వాక్యం తల్లికి కంఠస్థమైపోయింది: 'తన కింది సైనికుల మేజోళ్ళు పొడిగా ఉండేలా చూడనందున ఇద్దరి మరణానికీ, తొమ్మిదిమంది అంగవైకల్యానికీ ఈ అధికారి బాధ్యుడు.'

"ఒప్పుకుంటానని రాసిచ్చావటగా! ఎందుకురా?" అంది ఆమె, నూరోసారి. "చిన్నప్పుడు బంతితో అద్దం పగలగొట్టి, గాలికి పగిలిందని రోజంతా వాదించినవాడివి. ఇప్పుడేమైంది నీ నోటికి?"

"వాదించడం మానేశానమ్మా. పెళ్ళయిందిగా."

"నా మీదకు తోయకండి," అంది కోడలు తలెత్తకుండా. నవ్వబోయింది, కళ్ళనీళ్ళు జారి దూది మీద పడ్డాయి.

అంతలో తండ్రి ఉదయపు నడక ముగించుకుని వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు సైనిక గిడ్డంగిలో తనిఖీ అధికారిగా పనిచేసి, మొన్నటి వేసవిలో పదవీ విరమణ చేసిన మనిషి. లక్క ముద్ర వేయనిదే ఏ కాగితాన్నీ కదలనివ్వడని అక్కడివాళ్ళు 'సీలుగారు' అని పిలిచేవారు. గొడుగున్నా మోకాళ్ళ దాకా తడిశాడు. నడుము వంగదు కనుక రోజూ లాగే కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపాడు. ఆమె రోజూ లాగే బూట్లు లాగి, మేజోళ్ళు తీసి, పొయ్యి దగ్గరి తీగ మీద ఆరవేయబోయింది.

చేయి ఆగిపోయింది.

మేజోళ్ళు పొడిగా ఉన్నాయి!

గంటసేపు వానలో, బురదలో నడిచి వచ్చిన మనిషి మేజోళ్ళు... ఆమె వాటిని చెంపకు ఆనించుకుని చూసింది. వెచ్చగా ఉన్నాయి. మంచం కిందనుంచి ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన గోనెసంచి లాగి, కొడుకు బూట్లు బయటికి తీసింది. అదే రంగు, అదే కుట్టు, అదే వరస లేసు రంధ్రాలు. విరిగిన అడుగులో బొటనవేలు గుచ్చితే పొరలు పొరలుగా ఊడివచ్చింది అట్ట! పుస్తకాలకు అట్ట వేసే అట్ట!

"ఏమండీ, మీ బూట్లెక్కడివి?"

"నమూనావేనే. నీకు తెలియనట్టు అడుగుతావేం?"

ఆమెకు తెలుసు. తెలిసి ఉండటమే ఇప్పుడు గుండెను కోసింది. సరఫరాదారు చూపించే మొదటి జత మీద ముద్ర వేసి గిడ్డంగిలో ఉంచాలి. తరువాత వచ్చే ప్రతి పెట్టెనూ దానితో పోల్చాలి. అయితే సంతకాలయ్యాక నమూనాను తనిఖీ అధికారి ఇంటికి తెచ్చుకోవడం ఆ గిడ్డంగిలో తరతరాల అలవాటు. ఈ ఇంట్లో దుప్పట్లు నమూనాలు, టార్చిలైటు నమూనా, వానకోటు నమూనా. ఏదీ చిరగలేదు, ఏదీ చెడలేదు. అందుకే కొడుకు కొండకు బయలుదేరిన రోజున, "నాన్న బూట్లు చూశావుగా! నీ కాళ్ళకేం భయంరా?" అని తానే అంది. తానే!

"పెట్టెలొచ్చినప్పుడు పోల్చారా?"

ఆయన తన ఉత్త పాదాలను కుర్చీ కిందికి లాక్కున్నాడు. "జనరల్ గారు ఫోను చేశారు. మంచు పడకముందే సరుకు పైకి చేరాలి, రేపటికల్లా సంతకం కావాలన్నారు. పెట్టెలు విప్పలేదు. విప్పినా... దేనితో పోల్చను? అప్పటికే అవి నా కాళ్ళకున్నాయి." ఒక్కసారిగా గొంతు పెరిగింది. "నేనెవరి దగ్గరా చేయి చాపలేదే! ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా!"

"చాపలేదండీ. కాళ్ళు చాపారు. నేనే తొడిగాను... రోజూ నేనే తొడిగాను!"

"అమ్మా, ఆపు!" కొడుకు అరిచాడు. "ఈ మాట ఈ గడప దాటడానికి వీల్లేదు. అన్నీ ఆలోచించే ఒప్పుకున్నాను."

"నీకు ముందే తెలుసా?"

అతను తల వంచుకున్నాడు. "పదకొండో రోజున బూట్లు పగిలాయి. ఆ బూట్లొచ్చిన ఖాళీ పెట్టెలు చింపి, ఆ అట్టలే కాళ్ళకు చుట్టుకున్నాం. నేను చుట్టుకున్న ముక్క మీద నాన్న సంతకం ఉంది."

కోడలు చేతిలోని కట్టు సగంలోనే ఆగింది.

"ఆ ముక్క కాల్చేశాను నాన్నా. మా వాళ్ళెవరూ చూడలేదు."

ఆ మాటకు తండ్రి ముఖం మట్టిగోడలా కూలిపోయింది. తన పేరు కాపాడటానికి కొడుకు సొంత పేరు పోగొట్టుకుంటున్నాడు! వంగని నడుమును కుర్చీలోంచి ఎలా దించాడో, మోకాళ్ళ మీద మంచం దాకా వచ్చి, కట్టు సగం విప్పిన ఆ పాదం మీద తల ఆనించాడు. "నన్ను కాపాడటానికి నువ్వెవడివిరా? ఆ ఇద్దరి తల్లులకు నేనేం చెప్పను?"

"ఉన్నదున్నట్టు చెప్పండి," అంది ఆమె. కోపంగా అనలేదు. చీర కొంగుతో ఆయన బూట్ల బురద తుడిచి, లోపలి అంచున ఇంకా చెదరని లక్క ముద్రను ఆయనకు చూపింది. "ఇదుంది కదండీ."

పదింటికి వాన తగ్గలేదు. కొడుకును తీసుకెళ్ళే బండి రాకముందే ఆయన పాత చెప్పులు వేసుకుని, రెండు జతల బూట్లనూ ఒకే సంచిలో పెట్టి చంకన పెట్టుకున్నాడు. ఆమె గొడుగు పట్టి పక్కనే నడిచింది. విచారణ గది మెట్ల దగ్గర ఆయన ఆగి, "నువ్వు బయటే ఉండు. లోపల నేను తల వంచుకోవడం నువ్వు చూడొద్దు," అన్నాడు.

"ముప్ఫై ఏళ్ళు మీ కాళ్ళే చూశాను. ఇవాళ ముఖం చూస్తాను, పదండి."

కొడుకు మీది అభియోగాన్ని ఆ నెలలోనే ఎత్తివేశారు. విచారణ నివేదిక పద్నాలుగేళ్ళ తరువాత బయటికి వచ్చింది. అందులో గిడ్డంగి తనిఖీ అధికారి పేరు ఇరవై ఆరు చోట్ల ఉంది. జనరల్ పేరు ఎక్కడా లేదు.