గుమ్మం బయట చెప్పులు

"ఏటిది కో కృష్ణా? అమెరికావోళ్లు గుమ్మం బయట చెప్పులు విప్పుతారేటి?"

మల్లిక నడుం మీద చేతులేసుకుని బొమ్మ ముందు నిలబడింది. బర్మా అలవాటు ప్రకారం అతని పేరు ముందు మర్యాదగా 'కో' చేర్చే పిలుస్తుంది. పజుండౌంగ్ పేటలోని ఆ చిన్న గ్యాలరీలో ఏ బొమ్మ గోడెక్కాలో తేల్చేది ఆమే. కృష్ణకుమార్‌కి ఇదే మొదటి ఎగ్జిబిషన్.

అతను గీసేవన్నీ మన తాతల నాటి అమెరికా ఇళ్లు. పచ్చగడ్డి, పొడుగు కారు, గౌనేసుకుని కేకు పట్టుకున్న ఇల్లాలు, టై కట్టిన మొగుడు. అమెరికా అతను చూసింది లేదు. ఫుట్‌పాత్ మీద అమ్మే పాత మ్యాగజైన్లే ఆధారం. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో సర్దుకుని పెరిగినవాడు, ఆ ఇళ్లలోని ఖాళీ జాగా మీద మనసుపడ్డాడు.

"గీసినప్పుడు తోచలేదు. చెప్పుల్తో ఇంట్లోకి ఎవులెల్తారు?" అన్నాడు.

"ఆళ్లెల్తారు! చూసినోళ్లు నవ్వుతారు. రేపు పొద్దున్నకి చెరిపేసి తే. నేకపోతే గోడెక్కదు."

ఇంటికెళ్లి చెప్పులన్నిటినీ గడ్డి రంగుతో కప్పేశాడు. ఒక్క జత దగ్గర కుంచె ఆగిపోయింది. ఎర్ర వెల్వెట్ చెప్పులు, ఎడమదాని పట్టీకి నల్లదారం కుట్టు. శుక్రవారాలు అమ్మవారి కోవెల బయట వాటి పక్కనే చోటు చూసుకుని తన చెప్పులు విడవడం అతనికి అలవాటు. అవి మల్లికవి.

చెరిపితే బొమ్మ గోడెక్కుతుంది. ఉంచితే, ఇన్నాళ్లూ నోరు విప్పి చెప్పలేనిది ఆమెకి తెలిసిపోతుంది.

కుంచె కడిగేశాడు.

పొద్దున్నే వాన. మల్లిక బొమ్మ వైపు చూసింది. తర్వాత గ్యాలరీ గుమ్మం బయట తడుస్తున్న తన చెప్పుల వైపు చూసింది.

"ఇవి నావి."

"ఊఁ."

"నా చెప్పులు అమెరికాలో ఏటి చేస్తన్నాయి?"

"నువ్వు లోపలున్నావు గదా." అన్నాడు కృష్ణకుమార్. "ఆ ఇల్లు ఎప్పుడు గీసినా లోపల నువ్వున్నావనుకునే గీస్తాను. ఈసారి చెప్పులు బయటపడిపోయాయి."

మల్లిక వంగి బొమ్మలోని ఎడమ చెప్పు పట్టీని దగ్గరగా చూసింది.

"కుట్టుతో సహా గీసీసావు! కొత్త జత గీయకూడదేటి?"

"కొత్తవైతే నీవి కావు."

ఆమె మేకు, సుత్తి తీసుకుని నడి గోడకి తనే ఆ బొమ్మ తగిలించింది.

"నవ్వినోళ్లని నవ్వనీ. ఆదివారం అహ్లోన్‌లో మా ఇంటికి రా. ఈ సంగతి మాయమ్మ ముందర చెప్పాల."

"వస్తాను."

"చెప్పులు బయటే విప్పు. అమెరికావోడిలా తిన్నగా లోపలికొచ్చీకు."