ఎవరి గాలి వాళ్ళది

నా బతుకంతా గాలితోనే. ఫ్యాన్లు బాగుచేస్తాను. కాలిపోయిన మోటారు విప్పి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, మళ్ళీ బిగించి స్విచ్ వేస్తాను. రెక్కలు తిరగడం మొదలెట్టాక వాటి కింద నిలబడి ముఖం పైకెత్తుతాను. గాలి ముఖానికి తగిలిందా, పని అయినట్టే. మీటర్లూ గీటర్లూ నాకక్కర్లేదు.

రోజంతా షాపులో వంగి కూర్చుంటాను కాబట్టి సాయంత్రం పరిగెత్తకపోతే నాకు నిద్ర పట్టదు. అందులోనూ గాలిరోజులంటే పిచ్చి. మామూలు రోజున ఎవడైనా పరిగెత్తుతాడు. ఎదురుగాలిలో అలా కాదు. కళ్ళలో దుమ్ము, నోట్లో దుమ్ము, చెవుల్లో హోరు. అడుగు ముందుకేస్తుంటే ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతున్నట్టుంటుంది. అందుకే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా దారి చూసుకుంటాను. ఒళ్ళు హూనమయ్యాక వెనక్కి తిరిగితే, అంతసేపూ కాల్చుకుతిన్న ఆ గాలే వీపు మీద చెయ్యేసి ఇంటిదాకా దిగబెడుతుంది. ఆ సుఖం తెలిసినవాడు గాలిరోజు ఇంట్లో కూర్చోలేడు.

మా బావకి ఇవేవీ పట్టవు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. కూర్చుని కూర్చుని పొట్ట స్టీరింగుకి ఆనేదాకా పెరిగింది. పోయినేడు గుండెలో స్టెంటు వేశారు. నిదానంగా పరిగెత్తితే మంచిదేనని డాక్టరు చెప్పాక, మా అక్క ఆయన్ని నాకు అప్పగించింది. అప్పగిస్తూ ఒకటే షరతు పెట్టింది.

"ఒరేయ్, ఆయన ఎప్పుడూ నీ కళ్ళ ముందుండాలి. వెనక వదిలెయ్యకు. నీకసలే ఎవరి కోసమూ ఆగడం చేతకాదు."

నిజమే, నాకు నిదానమంటే ఒళ్ళు మంట. బావ వెనక పరిగెత్తడం అంటే ఇరుకు వీధిలో ఆయన బస్సు వెనక ఇరుక్కోవడమే. అయినా సరేనన్నాను. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టి పెంచింది అక్క. నాకున్నది ఆ ఒక్క మనిషి, ఆమెకున్నది ఆ ఒక్క మొగుడు.

బస్సుకి అంటించగా మిగిలిన ఎర్ర రేడియం ముక్కలు రెండు బావ తన బూట్ల మడమలకి అంటించుకున్నాడు. "ఇవి నా వెనక లైట్లు, గుద్దకు" అనేవాడు. రోజూ ఆ ఎర్రముక్కల్ని చూస్తూ ఆయన వెనక ఈడ్చుకుంటూ వెళ్ళేవాణ్ణి.

గాలి బాగా ఉన్న రోజున మాత్రం వంతులు వేసుకునేవాళ్ళం. ఒకడు ముందుండి గాలిని కాస్తాడు. రెండోవాడు వాడి వీపు చాటున, తల వంచుకుని, వాడి మడమలే చూస్తూ వస్తాడు. చాటున ఉన్నవాడికి గాలి సగమే తగులుతుంది. ముందువాడు అలిసిపోతే వెనకవాడు పక్కనుంచి వచ్చి, దాటుతూ అరచేత్తో వాడి వీపు మీద ఒక్కటి తడతాడు. ఇక నేను కాస్తాను, నువ్వు నా వెనక దూరు అని. హోరులో మాటలు వినపడవు, ఆ తట్టడమే మాట. తట్టించుకున్నవాడు తలెత్తి చూడడు, చూస్తే ఊపు పోతుంది. పక్కకి జరిగి, ముందుకొచ్చిన మడమల వెనక దూరిపోతాడంతే. ఈ వంతుల సంగతి అక్కకి మేం చెప్పలేదు.

ఊరి చివర పెద్ద చెరువు, దాని గట్టు మీద తిన్నని రోడ్డు, రోడ్డు మొదట్లో ఒక గేటు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క తుంగ. దూరందూరంగా దీపస్తంభాలు. ఆ చివర మూతపడ్డ పంపుహౌసు, దాని గోడతో రోడ్డు ఆఖరు. ఆ సాయంత్రం మేం వెళ్ళేసరికి తుంగ మొత్తం నేలకి ఒరిగిపోయి ఉంది. బురద వాసన గాలికి గేటుదాకా కొడుతోంది. గేటు కాపలాదారు కుర్చీని గోడ చాటుకి లాక్కుని కూర్చున్నాడు.

"మీరు వంతులేసుకుని పరిగెత్తుతారు కదా బాబూ. ఇవాళ వద్దు. ఎవరి గాలి వాళ్ళు తినండి."

"ఏం, గాలికి కూడా రేషనా?" అన్నాడు బావ.

కాపలాదారు నవ్వలేదు. "ఆ మధ్య ఇలాంటి గాలిలోనే మొగుడూపెళ్ళాలు వెళ్ళారు. మీలాగే ఒకరి వెనక ఒకరు. ఆయనొక్కడే తిరిగొచ్చాడు. గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది, ఎంత హాయిగా ఉందో అని ఒకటే మాట. ఆ రోజు తెల్లారేదాకా గాలి ఆగింది లేదు."

"ఉన్నట్టుండి ఆగిపోయిందంటే అది మా బామ్మర్ది రిపేరు చేసిన ఫ్యానై ఉంటుంది" అని బావ నా భుజం మీద కొట్టి ముందుకి కదిలాడు. ఆయన వేసిన జోకుల్లో అదే ఆఖరిది. అదీ నా మీదే.

మొదట అంతా బాగానే ఉంది. బావ ముందు, నేను వెనక. వెడల్పాటి మనిషి కాబట్టి చాటు బాగానే దొరికింది. కానీ నడకకీ పరుగుకీ మధ్య ఏదో చేస్తున్నాడు. నా కాళ్ళు దురదపెడుతున్నాయి. చీకటి పడుతోంది. స్తంభాల దీపాలు ఒకటొకటే వెలిగి, గాలికి ఊగుతుంటే మా నీడలు రోడ్డు మీద అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. పగిలిపోయిన దీపం ఉన్న స్తంభం దగ్గర బావ మరీ నెమ్మదించాడు. నాకిక ఓపిక చచ్చిపోయింది. పక్కనుంచి వెళ్ళి, వీపు మీద ఒక్కటి తట్టి ముందుకి దూకాను. వీపు చెమటతో చల్లగా తగిలింది.

గాలి ముఖం మీద చాచి కొట్టింది. హాయిగా అనిపించింది నాకు. కళ్ళు సగం మూసి, తల దించుకుని, కాళ్ళని వాటి ఇష్టానికి వదిలేశాను. బావ వెనకే ఉన్నాడనుకున్నాను. ఉండి తీరాలి కదా, ఇంకెక్కడికి పోతాడు?

ఎంత దూరం పోయానో, నా ఊపిరి కూడా బరువెక్కింది. సరిగ్గా అప్పుడు వీపు మీద అరచెయ్యి పడింది.

పర్లేదే, బావకి ఊపొచ్చింది అనుకున్నాను. అలవాటు ప్రకారం పక్కకి జరిగాను. రెండు మడమలు నన్ను దాటి ముందుకొచ్చాయి. వాటి వెనక దూరాను.

గాలి ఆగిపోయింది.

తగ్గడం కాదు. ఆగిపోయింది. చెవుల్లో హోరు లేదు. చొక్కా ఒంటికి అతుక్కుని కదలకుండా ఉంది. తలుపులన్నీ వేసిన గదిలో నిలబడ్డట్టుంది. అటు చూస్తే తుంగ ఇంకా నేలకి కొట్టుకుంటూనే ఉంది... చప్పుడు లేకుండా. బురద వాసన మాత్రం ముక్కుకి దగ్గరగా వచ్చింది.

ఎంత హాయిగా ఉందో... అనుకున్నాను.

అనుకున్నాక గుర్తొచ్చింది. ఆ మాట ఇందాక విన్నదే. తల దించుకునే మడమల వైపు చూశాను. తడిగా ఉన్నాయి. అడుగడుగుకీ రోడ్డు మీద నీళ్ళు పడుతున్నాయి. ఎర్రముక్కలు లేవు.

ఆ నిశ్శబ్దంలో ఎక్కడో చాలా వెనకనుంచి బావ గొంతు వినపడింది. అరుపు కాదు, చెవిలో గుసగుసలా.

"బామ్మర్దీ... నీ ముందు ఎవర్రా?"

ఆగాలి. నేను ఆగాలి. కానీ కాళ్ళు ఆగలేదు. భయం వల్ల కాదు. ఆ చాటు అంత బాగుంది. ఒక్క అడుగు పక్కకేస్తే మళ్ళీ ఆ గాలి, ఆ దుమ్ము. ఇంకాస్త దూరం, ఇంకో స్తంభందాకా అనుకుంటూ పరిగెత్తాను. వెనక గొంతు ఇంకోసారి పిలిచింది.

"ఒరేయ్... ఛాతీలో..."

తర్వాత పిలవలేదు.

అప్పుడు నా పక్కనుంచి ఎవరో వచ్చారు. బావే. పొట్ట ఊగడం లేదు, రొప్పడం లేదు. గాలికి తుంగ అంతలా కొట్టుకుంటుంటే ఆయన జుట్టు దువ్వినట్టే ఉంది. నా వైపు తిరిగి నవ్వాడు.

"గాలే లేదురా" అన్నాడు మెల్లగా. "ఎంత హాయిగా ఉందో."

నన్ను దాటి ఆ తడి మడమల వెనక దూరాడు. ఆ క్షణమే గాలి నా మీద పడింది. రోడ్డు మీద బోర్లా పడ్డాను. లేచి చూస్తే రెండు ఎర్రముక్కలు దూరంగా, పైకీ కిందకీ, పైకీ కిందకీ... నా జన్మలో ఎవరి వెనకా అలా పరిగెత్తలేదు. అందుకోలేకపోయాను. పంపుహౌసు గోడ దగ్గర కూడా అవి నెమ్మదించలేదు. గోడ దగ్గరికెళ్ళి తడిమి చూశాను. గోడ గోడలాగే ఉంది. తడిగా ఉందంతే.

వెనక్కి తిరిగాను. వెనకగాలి వీపు మీద చెయ్యేసి తోసింది. ఆ సుఖం కోసమే కదా నేను గాలిరోజుల్లో పరిగెత్తేది. ఈసారి వేళ్ళు కూడా తెలిశాయి.

పగిలిన దీపం ఉన్న స్తంభం కింద బావ పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. బూట్ల మడమలకి ఎర్రముక్కలు అలాగే ఉన్నాయి. ఒళ్ళు చల్లబడిపోయింది. నేను తట్టి దాటిన చోటునుంచి ఆయన ఒక్క అడుగు కూడా ముందుకి రాలేదు.

డాక్టరు గుండె అన్నాడు. అక్క ఏడవలేదు. అందరూ వెళ్ళాక నా ఎదురుగా కూర్చుని ఒక్కటే అడిగింది.

"ఆఖర్న నీ ముందే ఉన్నాడు కదూ?"

"నా ముందే ఉన్నాడక్కా" అన్నాను. అబద్ధం చెప్పలేదు.

షాపు మళ్ళీ తెరిచిన రోజున ఒక ఫ్యాన్ బిగించి స్విచ్ వేసి, కింద నిలబడి ముఖం పైకెత్తాను. రెక్కలు తిరుగుతున్నాయి. గాలి తగల్లేదు. మళ్ళీ విప్పాను, మళ్ళీ చుట్టాను. ఫ్యాను తాలూకు ఆవిడ వచ్చి "బ్రహ్మాండంగా తిరుగుతోందే, చీర కూడా ఎగిరిపోతోంది" అని తీసుకుపోయింది. ఆ రోజు మొదలు ఏ ఫ్యాను కిందా, ఏ వీధిలోనూ నాకు గాలి తగల్లేదు. నాకూ గాలికీ మధ్య ఏదో నిలబడి ఉందని తెలుసు. బురద వాసన వచ్చేది. రాత్రుళ్ళు చెమటలో నానుతూ, వీపు గోడకి ఆనించుకుని కూర్చునేవాణ్ణి. వీపు మీద మళ్ళీ ఎప్పుడు చెయ్యి పడుతుందోనని.

పడలేదు.

నిన్న సాయంత్రం మళ్ళీ పెద్ద గాలి లేచింది. అక్క ఒక్కతే ఉంటుంది కదా, కిటికీలు వేసొద్దామని వెళ్ళాను. తలుపు తీసి ఉంది. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురు కిటికీలోంచి గాలి నా ముఖానికి తగిలింది. అన్నాళ్ళ తర్వాత గాలి. చొక్కా ఎగిరింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదిలిపోయింది అనుకున్నాను. దేవుడా, నన్ను వదిలేసింది అనుకున్నాను.

కర్టెన్లు కొట్టుకుంటున్నాయి. గోడకున్న క్యాలెండరు రెపరెపలాడుతోంది. వాటి మధ్య, కిటికీకి ఎదురుగా అక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె జుట్టు కదలడం లేదు. చీర కొంగు కదలడం లేదు. తల వంచుకుని నేలకేసి చూస్తోంది.

"ఇప్పుడే కదరా నా వీపు తట్టి వెళ్ళావు" అంది తల ఎత్తకుండానే. "మళ్ళీ గుమ్మంలో ఎందుకు నుంచున్నావు?"

ఆమె చూస్తున్న చోటికేసి చూశాను.

ఆమె కాళ్ళ ముందు బావ బూట్లు ఉన్నాయి. అటకమీద గోనెసంచిలో నేనే కట్టి పెట్టిన బూట్లు. ముందు కొసలు కిటికీ వైపు, ఎర్రముక్కలున్న మడమలు అక్క వైపు. వాటి చుట్టూ నేల మీద నీళ్ళు.