పూలదండ గుర్తు

జనగామల నా ఫోటో దుకాణం ముప్పై ఏండ్లది. ఫ్రేము వెంట్రుకవాసి వంకరున్నా మళ్లీ కోసేటోన్ని. అక్షరాలే అంతగా రావు. అందుకే మా మేనల్లుడు సంజీవ కంప్యూటర్ల లైనక్స్ ఏసి, సొంతంగ రెండు స్క్రిప్టులు రాసిపెట్టిండు. బతికున్నోళ్ల ఫైలుకు నీలం గుర్తు. నొక్కితే ఎనిమిది పాస్‌పోర్ట్ ఫోటోలస్తయి. పోయినోళ్లకు పూలదండ గుర్తు. నొక్కితే పెద్దకర్మకు పెట్టే దండేసిన పెద్ద ఫోటో.

ఓనాడు గిరాకీల ముంగటనే నవ్విండు. "మామకు అక్షరం ముక్క రాదు, బొమ్మలు చూసి నొక్కుతడు."

ఆనాటి సంది వాని మొఖం చూడలే.

సకల జనుల సమ్మె మొదలైన వారానికి చాయ్ హోటల్ సాలమ్మ ఫైలు దానంతటదే పూలదండకు మారింది. మాపటికల్లా సాలమ్మ పోయింది.

తర్వాత ఓ మధ్యాహ్నం. షట్టర్ సగం దించి కూసున్న. బజార్ల పురుగు లేదు. కాలిన టైర్ల వాసన. ఇన్వర్టర్ సన్నగ గుయ్యిమంటున్నది. నా బిడ్డ కళ్యాణి రఘునాథపల్లి రాస్తారోకోకు పోయింది.

ఫోల్డర్ తెరిచిన.

కళ్యాణి ఫైలు... పూలదండ.

ఫోన్ చేసిన. ఎత్తలే. సంజీవ నంబర్ మీదికి వేలు పోయింది... వాని నవ్వు యాదికొచ్చింది. చెయ్యలే.

వాడు గుర్తు మార్చంగ చూసిన గద! మౌసు కుడి మీట నొక్కిన. దేంతోని తెరవాల్నో అడిగింది. నీలం ఎంచిన. కింద చిన్న గడి, పక్కన ఏందో రాసుంది. సదువలే. గుర్తు పెట్టి నొక్కిన.

కళ్యాణి నీలమైంది.

పక్కది నీలమైంది. దాని పక్కది... దాని పక్కది. నేను దండేసిన రెండొందల మంది, అందరు నీలం. గడి పక్కన రాసింది అప్పుడు కూడబలుక్కున్న: 'ఈ రకం ఫైళ్లన్నిటికీ'.

ఫోన్ మోగింది.

"బాపూ, లారీ మీదికే వచ్చింది. జానెడు దూరంల ఆగింది. బతికిన!"

"జల్ది ఇంటికి రా బిడ్డా."

ఫోన్ పెట్టి దండం పెట్టుకున్న. అప్పుడే ప్రింటర్ కదిలింది. నేను నొక్కలే.

ఎనిమిది సాలమ్మలు. దండ లేదు. ఫోటోల కండ్లు తడిగున్నయి. తర్వాత నిరుడు పోయిన మేస్త్రీ సేవ్యా... ఎనిమిది.

షట్టర్ మీద గోరుతోని గీకిన సప్పుడు.

"అన్నా..." సాలమ్మ గొంతు. "మా ఫోటోలైనయా?"

వంగి షట్టర్ కింద చూసిన. ఒట్టి పాదాలు. తడి మన్ను. వాటెనుక ఇంకిన్ని... బజారు చివరి దాక.

ముందు వరుసల ఒక్క జత పాదాలకే చెప్పులున్నయి, వాటి మీద లారీ టైరు అచ్చు.

పొద్దుగాల కళ్యాణి తొడుక్కపోయిన చెప్పులు.